తీర్పు తీర్చుట ఎవరి పని?

ధ్యాన భాగము: మత్తయి సువార్త 7:1–5, 25:31–46



వానలు పడిన తరువాత అరకు, పాడేరు కొండలలో జ్వరములు ప్రబలుట మనకందరికిని తెలిసినదే. ఒక ఇంట బిడ్డ జ్వరముతో చనిపోవును. తల్లి కన్నీరు ఆరకముందే, "ఇది ఎవరు చేసిరి?" అను ప్రశ్న పుట్టును. అంతట ఒంటరిగా నున్న ముసలమ్మయో, పొలము తగవులో నున్న పొరుగువాడో "చిల్లంగి పెట్టినవారు" అగుదురు. సాక్షి లేడు, విచారణ లేదు. తీర్పు మాత్రము ఆ రాత్రియే వచ్చును. ఇట్టి అనుమానముచే మన మన్యములో మనుష్యులను చంపిన సంగతులు మన కాలములోను జరిగినవి. మన పొరుగున నున్న ఒడిశాలో మంత్రగత్తెలను నెపముతో చేయు హింసను అణచుటకు 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చెను.

జ్వరమునకు కారణమేమి? 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతకు ముందు చదువుకొన్న వారిలో అనేకులు చెడుగాలివలన ఆ జ్వరము వచ్చునని తలంచిరి. కాబట్టి తెలియని దానిని తెలిసినట్లు చెప్పుట కొండవారి దోషము మాత్రమే కాదు, మనుష్యులందరి దోషము. అయితే గాలిమీద మోపిన నింద గాలికే పోయెను. ముసలమ్మమీద మోపిన నింద ఆమె ప్రాణము తీయును. నిజము ఆలస్యముగానైనను వచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.

మెలితే ద్వీపవాసులను జ్ఞాపకము చేసికొనుడి (అపొ. కార్య. 28). పౌలు చేతిని పాము పట్టగానే అతడు నరహంతకుడనిరి. అతనికి హాని కలుగకపోగా దేవుడనిరి. ఒక్క పూటలో రెండు తీర్పులు, రెండును తప్పే. శ్రమను చూచి పాపమును లెక్కించుట యోబు స్నేహితులు చేసిన పొరపాటు. సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మందిని గూర్చి ప్రభువు అట్టి లెక్కను ఒప్పుకొనలేదు (లూకా 13).

"మేము క్రైస్తవులము, చిల్లంగిని నమ్మము" అని మనము అతిశయపడవచ్చును. అయితే మా తప్పును ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు దిశారి ఇంటికి పోవుచుండగా చూచితిమని కొందరు చెప్పిరి. ఆమె పాత పూజలకు తిరిగెనని మేము నమ్మి, ఆ నెల ప్రభువు బల్లకు ఆమెను రానియ్యలేదు. ఆమె తల వంచుకొని వెనుక కూర్చుండెను. తరువాత తెలిసిన సంగతి యేమనగా, దిశారి భార్య జ్వరముతో పడియుండగా ఈమె ప్రతి ఉదయము చోడి అంబలి కాచి తీసికొని పోయెను. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని మేము అడిగితిమి. "మీరు అడగలేదు గదా, అయ్యగారూ" అనెను. ఇతర నింద ఒక్కటియు చేయలేదు.

మత్తయి 25వ అధ్యాయములో రాజు రోగియై యున్నప్పుడు చూడవచ్చిన వారిని కుడి ప్రక్కను నిలుపును. ఆ దినమున ఆమె ఎక్కడ నుండునో, ఆమెను అడ్డగించిన మేము ఎక్కడ నుందుమో తలంచినప్పుడు మా ఎముకలు వణకినవి.

అట్లయిన తీర్పే వద్దా? కాదు. ముసలమ్మను చెట్టుకు కట్టుచుండగా "తీర్పు తీర్చకూడదు" అని ఊరకుండువాడు ఆ పాపములో పాలివాడగును. అది తప్పని చెప్పవలెను, అడ్డుపడవలెను, అధికారులకు తెలుపవలెను. పైచూపును బట్టి గాక న్యాయముగా విచారించుడని ప్రభువే సెలవిచ్చెను (యోహాను 7:24). చేసిన క్రియను విమర్శించుట మన విధి. చేసినవాని హృదయమును తూచి, వాని అంతమును నిర్ణయించుట దేవుని పని. ఆయన సమస్తము ఎరిగినవాడైనను, సొదొమను గూర్చిన మొర వినినప్పుడు దిగివచ్చి చూచెదననెను (ఆది. 18). ఎరిగిన దేవుడే విచారింపగా, ఎరుగని మనము చాటుమాట విని తీర్పు చెప్పవచ్చునా?

సంతలో కొనునప్పుడు పెద్ద కుంచము, అమ్మునప్పుడు చిన్న కుంచము వాడు వర్తకుని మనము మోసగాడందుము. మన తప్పులకు ఒక కుంచము, పొరుగువాని తప్పులకు వేరొక కుంచము ఉంచుకొనిన మనము ఎవరము? మనము వాడిన కుంచమే ఆ దినమున మన యెదుట పెట్టబడును.

కాబట్టి ప్రియులారా, ఈ సారి జ్వరము వచ్చినప్పుడు మొదట బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోయి రక్తము చూపింతము. నింద మోపబడిన వారి గుమ్మమున పోయి కూర్చుందము. సహోదరుని మీద ఫిర్యాదు తెచ్చుటకు ముందు ఆ సహోదరునే అడుగుదము. న్యాయాధిపతియైన ప్రభువు మనమీద కనికరము చూపి, మన కంటిలోని దూలమును మొదట తీసివేయును గాక. ఆమేన్.