సూర్యుడు అస్తమించకముందే

ధ్యానభాగములు: యిర్మీయా 8:7, ద్వితీయోపదేశకాండము 24:14-15, ఎఫెసీయులకు 4:26



చలికాలమున మన షోలాపూరు చుట్టుపట్ల చెరువులకు దూరదేశపు పక్షులు వచ్చును. తల వెనుక రెండు నల్లని చారలుగల పెద్దబాతులు హిమాలయములనే దాటి దక్షిణమునకు వచ్చునవి. అట్టి పక్షుల ఫోటోలు తీయుటకు మన నేతపేటల యౌవనులు కొందరు సాయంకాలములందు హిప్పర్గా చెరువు గట్టుకు పోవుదురు. 1871లో పూర్తియైన చెరువది. వారి పనిలో మనకొక పాఠమున్నది.

ఎగురు పక్షిని ఫోటోలో పట్టవలెనన్న ముందుగానే సిద్ధపడవలెను. రెక్కలు చెదరక స్పష్టముగా పడుటకు షట్టరు సెకనులో వెయ్యవ వంతుకు మించి తెరచి యుండరాదు. పక్షితోపాటు కెమెరాయు సాగవలెను. బాతులు గాలికి ఎదురుగా నీటిమీద దిగును గనుక, గాలిని వీపున పెట్టుకొని నిలిచినవానికే వాటి ముఖములు కనబడును. ఇన్ని తెలిసినను వెలుగు లేనిదే పని జరుగదు. అస్తమయమునకు ముందటి బంగారు వెలుగు కొద్ది నిమిషములే. ఆ వేళనే కొంగలు గూళ్లకు మరలును, అనేకమైన బాతులు రాత్రి మేతకు బయలుదేరును. పక్షి ఆగదు, ప్రొద్దు ఆగదు.

యిర్మీయా కాలపు యూదా ప్రజలకు ఆలయమున్నది, ధర్మశాస్త్రమున్నది. అయినను దేవునియొద్దకు తిరిగి రావలసిన వేళను వారెరుగలేదు. అందుకే ప్రవక్త వారికి పక్షులను చూపించెను. పక్షులకు తమ కాలము తెలియును. దేవుని ప్రజలకు తెలియలేదు.

మనకు తెలియునా? వాక్యము సూర్యాస్తమయమునే గడువుగా పెట్టిన సంగతులు రెండింటిని తలంచుకొందము.

మొదటిది కూలివాని కూలి. ప్రొద్దు క్రుంకకముందే దానిని చెల్లింపవలెనని మోషే బోధించెను. మన పితరులలో అనేకులు తెలంగాణ పల్లెలు విడిచి ఈ ఊరికి వచ్చినది కూలికొరకే గదా! నేడు మనలో మరమగ్గముల యజమానులున్నారు. వాటిమీద చద్దరులు, తువాళ్లు నేయువారున్నారు. బీడీలు చుట్టు తల్లులున్నారు. “వచ్చే వారము చూతము” అను మాట యజమానికి చిన్నదే. ఆ రాత్రి పొయ్యి వెలిగింపవలసిన ఇల్లాలికి అది చిన్నది కాదు.

రెండవది కోపము. దానిని మరునాటికి ఉంచుకొనవద్దని పౌలు ఎఫెసీ సంఘమునకు వ్రాసెను. మగ్గముల పంపకములో మాట పోయిన అన్నదమ్ములు, ఒకే గోడకు అటు ఇటు కాపురముండియు, ఏండ్ల తరబడి పలుకరించుకొనరు. ఆదివారమున మాత్రము ఒకే బల్లయొద్ద రొట్టెను పాత్రను పుచ్చుకొందురు. వారి కోపముమీద ఎన్నిమార్లు ప్రొద్దు క్రుంకెను! వెలుగు పోయిన తరువాత ఎంత మంచి కెమెరాయైనను చేయునది కొంచెమే. ఒకరు మట్టిలో కలిసిన తరువాత రెండవవాని కన్నీళ్లు సమాధానము తేజాలవు.

ప్రియులారా, మనము దూరమై యుండగా మనలను వెదకుచు ముందుగా వచ్చినవాడు ప్రభువే. క్షమింపబడినవారము గనుక మనమే ముందుగా పోవుదము. రాబోవు ప్రభు భోజనమునకు ముందు ఇయ్యవలసిన కూలి ఇచ్చివేయుదము. మాటలాడని సహోదరుని గడప త్రొక్కుదము. నేటి ప్రొద్దు ఇంకను క్రుంకలేదు.

ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.