నాయన నొప్పి, మన భయం

కాలి బొటనవేలి కీలు వాచి, ఎర్రబడి, పైన దుప్పటి అంచు తగిలినా కేక పెట్టే పెద్దాయన ఒకరు మన ఇంట్లో ఉన్నారనుకుందాం. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, ఇది గౌట్ జబ్బు, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంది, ఈ మాత్ర రోజూ వేసుకోవాలి, బహుశా బ్రతికినన్నాళ్లూ వేసుకోవాలి అన్నారు. ఇంతలో ఎవరో ఒక మాట చెవిన వేశారు. ఆ మాత్ర వాడితే యూరిక్ యాసిడ్ తగ్గుతుందట, అది తగ్గితే మెదడుకు కాపు పోయి ముసలితనంలో మతిమరుపు జబ్బు వస్తుందట. ఇప్పుడా ఇంటి కొడుకు ఏం చెయ్యాలి? వైద్యం సంగతి వైద్యులు చూసుకుంటారు, ఈ శీర్షికకు దానితో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ఇందులో సగమే వైద్యం. ఒకరి నొప్పిని గురించి మరొకరు నిర్ణయించేటప్పుడు ఎవరి మేలు చూస్తున్నారు అన్నది మిగతా సగం.

పూర్వం దీనిని రాజుల జబ్బు అనేవారు. మన తీరంలో ఆ మాట చెల్లదు. ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం వైపు నెత్తళ్లు, కవళ్లు పేదవాడి కూర. శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు అధికంగా ఉండే చేపల్లో ఆ రెండూ ముందుంటాయి. మద్యం కూడా జబ్బును రెచ్చగొడుతుంది. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడిన జిల్లా మనది, ఆ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే కీలు వాచినవాణ్ణి చూసి ‘తిన్నావు, తాగావు, అనుభవించు’ అనడం తేలిక. కాని తండ్రితాతల నుంచి వచ్చిన శరీరతత్వం, మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను సరిగా బయటకు పంపలేకపోవడం, రక్తపోటుకు వాడే కొన్ని నీటిమాత్రలు ఇవన్నీ కారణాలే. చుక్క ముట్టని వారికీ వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఎవరిదని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే తోసిపుచ్చారు. ఆ సువార్త భాగం చదివి గుడి బయటికి వచ్చి మనం మళ్లీ ఆ లెక్కే వేస్తుంటాం.

ఇక ఆ మాత్ర సంగతి. దాని పేరు అల్లోప్యూరినాల్. మన మందుల దుకాణాల్లో జైలోరిక్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ దానిని కనిపెట్టారు. క్యాన్సరు మందుకు తోడుగా వాడదామని చూస్తే, అది యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తుందని తేలింది. 1966 నుంచి గౌట్‌కు వాడుకలో ఉంది. వారిద్దరికీ 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో పనిచేసిన శాఖలోనే ఈ హిచింగ్స్ విద్యార్థిగా ఉన్నారు. సుబ్బారావుగారి పరిశోధన కొంత వెలుగు చూడకుండా పై అధికారి అసూయతో తొక్కిపెట్టాడని, దాన్ని తరువాతివారు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని హిచింగ్సే తరువాత చెప్పారు. మందుల చరిత్రలో ఇలాంటి ముళ్లు చాలా ఉన్నాయి. అది వేరే కథ.

మతిమరుపు భయం గాలిలోంచి పుట్టలేదు. చాలా జంతువుల ఒంట్లో యూరిక్ యాసిడ్‌ను విరగగొట్టే ఎంజైము ఉంది. మనిషికీ గొరిల్లా, చింపాంజీ వంటి వాటికీ అది లేదు. అందుచేత మన రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువ. మనిషి తెలివికి ఇదే కారణమేమో అని ఓరోవాన్ అనే శాస్త్రజ్ఞుడు 1955లో రాశాడు. అది కణాలను తుప్పు పట్టకుండా కాపాడే పదార్థమని 1981లో మరో పరిశోధన సూచించింది. హాలెండులోని రోటర్‌డామ్ నగరంలో వృద్ధులను ఏళ్ల తరబడి పరిశీలించి, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవారికి మతిమరుపు తక్కువని 2009లో చెప్పారు. బ్రిటనులో సుమారు 59 వేలమంది గౌట్ రోగుల లెక్కలు తీసి, వారికి అల్జీమర్స్ 24 శాతం తక్కువని 2016లో ప్రకటించారు.

ఇక్కడితో ఆగితే భయం న్యాయమే. కాని 2018లో అమెరికాలో 17 లక్షలకు పైగా వృద్ధుల లెక్కలు చూస్తే గౌట్ ఉన్నవారిలోనే మతిమరుపు సుమారు 15 శాతం ఎక్కువని తేలింది. అదే సంవత్సరం ఫ్రాన్సు నుంచి వచ్చిన పరిశోధన, యూరిక్ యాసిడ్ హెచ్చుగా ఉన్నవారికి, ముఖ్యంగా మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే మతిమరుపు ఎక్కువని చెప్పింది. యూరిక్ యాసిడ్ మెదడుకు అంత రక్ష అయితే, కావాలని పెంచితే మేలు జరగాలి కదా? పార్కిన్సన్స్ రోగులకు అలాగే పెంచి చూశారు. జబ్బు నెమ్మదించలేదని, కొందరికి మూత్రపిండాల్లో రాళ్లు మాత్రం వచ్చాయని 2021లో తేలింది.

లెక్కలు ఇలా ఎదురెదురుగా నిలబడినప్పుడు తనకు నచ్చినదాన్ని ఏరుకోవడం మనిషి స్వభావం. ఆ 2021 మే నెలలోనే కృష్ణపట్నంలో ఆనందయ్యగారి కరోనా మందు కోసం వేలాది జనం బారులు తీరింది మనం చూశాం. మందు తిన్నాను, తగ్గింది, కాబట్టి మందుతోనే తగ్గింది అన్నారు చాలామంది. తినకపోయినా ఎక్కువమందికి తగ్గేదే అని ఆ వేడిలో ఎవరికీ వినబడలేదు. అదే తర్కం తలక్రిందులైతే మన పెద్దాయన కథ అవుతుంది: అరవై అయిదో ఏట మాత్ర మొదలుపెట్టాడు, డెబ్బై అయిదో ఏట మరుపు వచ్చింది, కాబట్టి మాత్రే చేసింది. ఆ పదేళ్ల వయసు చేసిన పని ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గౌట్ నొప్పి ఎవరిది? నాయనది. ఆయన ఒక్కడే రాత్రంతా మంచం మీద కూర్చుంటాడు. మతిమరుపు బరువు ఎవరిది? ఆయనది కొంత, కొడుకుది, కోడలిది చాలా. దారి తప్పి సముద్రం ఒడ్డున తిరిగే ముసలివాణ్ణి వెతికేది వాళ్లే, గుడ్డలు మార్చేది వాళ్లే. కనుక ‘నాయన మెదడు బాగుండాలని మాత్ర మాన్పించాం’ అనే మాటలో ఎంత ప్రేమ ఉందో, రేపటి మన చాకిరీ గురించిన భయం ఎంత ఉందో ఎవరికి వారు విడదీసి చూసుకోవాలి. ఆ భయం పాపం కాదు. చాకిరీ నిజంగానే పెద్దది. అయితే ఆ భయానికి ప్రేమ అని పేరు పెట్టి, దాని ఖరీదు నాయన కాలివేలితో చెల్లించడం న్యాయం కాదు. రుజువుకాని రేపటి నష్టం కోసం, ఈ రోజు కళ్లెదుట ఉన్న నొప్పిని ఆయన చేత మోయిస్తున్నాం. పైగా ఆయన్ను అడగలేదు.

నొప్పిని భరించడమే భక్తి అనేవారు మన విచారణల్లో కొందరున్నారు. తనకు తాను ఎంచుకున్న సిలువ వేరు, మరొకరి భుజాన మనం పెట్టేది వేరు. 1957 ఫిబ్రవరిలో పన్నెండవ భక్తినాధ పాపుగారు మత్తు వైద్యుల ప్రశ్నలకు బదులిస్తూ, వేరే దారి లేనప్పుడు, నొప్పి తగ్గించడమే ఉద్దేశమైనప్పుడు, మందు వల్ల ఆయుష్షు తగ్గే అవకాశమున్నా, రోగి తన ఇతర ధర్మాలు నిర్వర్తించుకోవడానికి అడ్డురాకపోతే, దాన్ని వాడవచ్చునన్నారు. అక్కడ కీడు దాదాపు ఖాయం, అయినా అనుమతించారు. ఇక్కడ కీడు ఉందో లేదో కూడా తేలలేదు.

మాత్ర మానితే నొప్పి ఊరుకోదు గనుక మరొకటి వస్తుంది. పల్లె వైద్యుడి దగ్గర ఇంజక్షను, దుకాణంలో చీటీ లేకుండా కొన్న డైక్లోఫెనాక్ బిళ్లలు. నెలల తరబడి మింగితే అవి కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను తింటాయి. ఎక్కడో దూరాన ఉన్నదేమో అన్న ప్రమాదానికి భయపడి, వీధి చివర కచ్చితంగా ఉన్న ప్రమాదంలోకి నడవడమిది. అల్లోప్యూరినాల్‌కూ ప్రమాదం లేకపోలేదు: అరుదుగా కొందరికి తీవ్రమైన చర్మవ్యాధి తెస్తుంది, ఒంటి మీద దద్దు కనబడితే వెంటనే ఆపి డాక్టరును చూడాలి. ఫెబుక్సోస్టాట్ అనే మరో మందుపై గుండెజబ్బు ఉన్నవారి విషయంలో 2019లో అమెరికాలో గట్టి హెచ్చరిక పెట్టారు. డాక్టరును అడగవలసినవి ఇవి. మతిమరుపు గురించి కూడా అడగండి, నాయన ఎదుటే అడగండి.

మరి అప్పటికే మరుపు మొదలైన నాయన సంగతో? సీరా జ్ఞానగ్రంథం మూడో అధ్యాయం తండ్రికి బుద్ధి సన్నగిల్లినా ఓర్చుకొమ్మని, బలముంది కదా అని చులకన చెయ్యవద్దని కొడుకుకు చెబుతుంది. ఆ ఓర్పు రోజువారీగా చాలా చిన్న పనుల్లో కనబడుతుంది. మాత్ర వేసుకున్నది మరిచి రెండోది వేసుకునే మనిషి చేతిలో మందుల డబ్బా వదలకూడదు. నొప్పి వచ్చినప్పుడు ఇచ్చే కొల్చిసిన్ మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. డబ్బా కోడలి దగ్గరుంటే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం, ఆయన వద్దని నోరు మూసుకున్న రోజున వస్తుంది. పెరుగన్నంలో కలిపి పెట్టేస్తే సరి అంటారు. నాకు అది మొదటి దారిగా తోచదు. ముందు చెప్పాలి, మరునాడు మళ్లీ కొత్తగా చెప్పాలి, ఆయనకు నిన్నటిది గుర్తుండదు గనుక. కాలు చూపించి, ‘నాయనా, ఇది దీని కోసమే’ అంటే వేసుకునే రోజులు కొన్ని ఉంటాయి. వేసుకోని రోజు ఒకటి పోయినంత మాత్రాన కీలు ఆ సాయంత్రమే వాచిపోదు.