గెలిచినవాడి సొమ్ము ఎవరిది?



దసరా రాత్రి దేవరగట్టు కొండమీద మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఆ తరువాత వినిపించే కార్ణికం కోసం ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతాల రైతులు ఎదురుచూస్తారు. వానల మాటతోపాటు పంటల ధరల మాట కూడా అందులో ఉంటుంది. అది మన పొరుగువారి విశ్వాసం, దాన్ని గౌరవిద్దాం. కానీ రేపు ధర ఎంత పలుకుతుందో తెలుసుకోవాలనే ఆరాటం మతంతో నిమిత్తం లేకుండా మనందరిదీ. వాన చినుకును నమ్ముకుని బ్రతికేవారికి అది సహజం. ఆ ఆరాటాన్ని పందెంగా మార్చి, పందెం మీద కమీషన్ తినే వ్యాపారం గురించి ఈ వారం ఆలోచిద్దాం.

మన వీధుల్లో ఎన్నో కాపురాలు కూల్చిన మట్కా ఎక్కడ పుట్టిందో తెలుసా? పత్తి ధర దగ్గర! న్యూయార్కు పత్తి మార్కెట్ నుంచి బొంబాయికి వచ్చే ధరల మీద అక్కడి జనం పందెం కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, చీటీలు తీసి అంకె తేల్చడం మొదలుపెట్టారు. పత్తి పోయింది, పందెం మిగిలింది. మట్కాలో సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెలు. సరైన అంకెకు రూపాయికి సాధారణంగా తొమ్మిది రూపాయలు ఇస్తారు. అంటే పది అంకెలమీదా తలా ఒక రూపాయి కట్టినా, పది పోసి తొమ్మిది తెచ్చుకుంటాం. మిగిలిన రూపాయి ఆట నడిపేవాడిది. చీటీలు రాసే బీటరుకు కమీషన్ దక్కేదీ ఆడేవారి డబ్బులోంచే.

“మట్కా గుడ్డి ఆట ఫాదర్. మేము క్రికెట్ తెలిసి కాస్తాం, లెక్క చూసి కాస్తాం” అనే చదువుకున్న యువకులు ఉన్నారు. వారి వాదనను తేలికగా తీసిపారేయకూడదు. తెలివితో నిలకడగా గెలిచేవారు కొద్దిమంది నిజంగానే ఉంటారు. కాబట్టి వారి లెక్కనే పరిశీలిద్దాం.

2000లో ఇంగ్లండులో బెట్‌ఫెయిర్ అనే పందేల ఎక్స్ఛేంజీ మొదలైంది. అక్కడ పందెం కాసేవారు ఒకరితో ఒకరు కాస్తారు. ఎక్స్ఛేంజీ ఏ పక్షాన ఉండదు, గెలిచినవారి లాభంలో కమీషన్ మాత్రం తీసుకుంటుంది. చూడటానికి ఎంతో న్యాయంగా ఉంది కదా! కమీషన్ నూటికి ఐదు అనుకుందాం. వంద రూపాయల పందేలు వంద జరిగాయి. తెలివైనవాడు 55 గెలిచాడు, 45 ఓడాడు. కమీషన్ లేకపోతే అతనికి వెయ్యి రూపాయలు మిగలాలి. కమీషన్ ఉంటే గెలుపుకు 95 చొప్పున 5,225 వచ్చి, 4,500 పోయి, మిగిలేది 725. ఎదుటివాడు 45 గెలిచి 4,275 తెచ్చుకుని, 55 ఓడి 5,500 పోగొట్టుకున్నాడు. అతని నష్టం 1,225. ఎక్స్ఛేంజీకి చేరినది 500.

ఈ మూడు అంకెలను గుర్తుంచుకోండి. ఒకరికి 725 రావాలంటే మరొక ఇంటినుంచి 1,225 పోవాలి. వందకు 51 పందేలు గెలిచిన మొనగాడు సైతం ఈ కమీషన్‌తో 55 రూపాయల నష్టంలోనే ఉంటాడు. రెండు పిల్లుల రొట్టె తగవు తీర్చిన కోతి కథ చిన్నప్పుడు మనందరం విన్నదే. ఇక్కడ పిల్లులు ఎంత తెలివైనవైనా రొట్టె మాత్రం తరుగుతూనే ఉంటుంది.

ఇంకొక విషయం గమనించండి. 2008లో అదే బెట్‌ఫెయిర్, నిలకడగా గెలిచే ఖాతాదారులమీద అదనపు రుసుము వేసింది. 2011లో కొందరికి దాన్ని లాభంలో 60 శాతం వరకు పెంచింది. గెలిచేవారికి కోపం వచ్చింది. కానీ వారు గెలవడానికి ఓడేవారు కావాలి. ఓడేవారిని పోగుచేసి తెచ్చేది ఎక్స్ఛేంజీ. అంటే ఒకే జేబులో చేయిపెట్టిన ఇద్దరి మధ్య వాటాల తగవు అది. ఆ జేబు ఎవరిదని ఇద్దరిలో ఎవరూ అడగరు.

“మరి ఆదోని మార్కెట్ యార్డులో కమీషన్ లేదా?” అని మీరు అడగవచ్చు. ఉంది. కానీ అక్కడ పత్తి ఉంది. రైతు డబ్బుతో ఇంటికి వెళతాడు, మిల్లు యజమాని దూదితో వెళతాడు, మధ్యవర్తి తన శ్రమకు కూలి తీసుకుంటాడు. తూకం, ధర న్యాయంగా ఉంటే ముగ్గురూ బాగుపడవచ్చు. పందెంలో తూచడానికి సరుకే లేదు. ఒకరు ఏడిస్తేనే మరొకరు నవ్వాలి.

ఈ తేడాను మన న్యాయస్థానం కూడా ఎరుగును. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నది. బల్లలకు, పేకకు క్లబ్బు రుసుము తీసుకోవడంలో తప్పు చూడలేదు. కానీ పందేలు కాసి ఆడే ఆటనుంచి యజమాని లాభం దండుకుంటే అది నేరం కావచ్చునని హెచ్చరించింది.

షేర్ మార్కెట్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడేవారూ ఈ లెక్క చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాలలో అలా ఆడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. దళారి రుసుములు, ఇతర ఖర్చుల కిందనే దాదాపు 50,000 కోట్ల రూపాయలు చెల్లించారు.

చట్టం తన పని చేసింది. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మనస్సాక్షి ప్రశ్న మిగిలే ఉంది. నిజాయితీగా గెలిచిన సొమ్ము నాదే కదా?

శ్రీసభ ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పదు. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి అపోస్తలులే చీట్లు వేశారు. అదృష్టపు ఆటలు, పందేలు వాటంతట అవే న్యాయానికి విరుద్ధం కావని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం బోధిస్తుంది. తన అవసరాలకు, తనవారి అవసరాలకు కావలసినదాన్ని అవి హరించినప్పుడు తప్పు అవుతాయని చెబుతుంది. పునీత తోమాసు అక్వీనాసు ఇంకా ముందుకు వెళ్లారు. ఎదుటివాని సొమ్ముపై ఆశతో అతన్ని ఆటలోకి లాగి గెలిచినవాడు దాన్ని తిరిగి ఇచ్చివేయాలన్నారు. అంటే ఎలా గెలిచావన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎవరినుంచి గెలిచావన్నది కూడా ప్రశ్నే.

తెరమీద అంకె మాత్రమే కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆ 1,225 రూపాయలు సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలల్లో వంగి సంపాదించిన కూలి కావచ్చు. ఎమ్మిగనూరు నేతగాని పిల్లల బడి ఫీజు కావచ్చు. ఎవరిదో తెలియకుండా తీసుకోవడమే ఈ ఆట పద్ధతి. పొరుగువానిని చూడనివ్వని లాభాన్ని పొరుగువానిని ప్రేమించమన్న ప్రభువు ముందు ఎలా పెట్టగలం?

తల్లిదండ్రులారా, ఓడిన కొడుకును మందలించడం మనకు అలవాటే. గెలిచి వచ్చిన కొడుకునూ కూర్చోబెట్టి అడగండి: “నాయనా, ఈ డబ్బు ఎవరింటినుంచి వచ్చింది?” అతడు జవాబు చెప్పలేకపోతే, ఆ నోట్లు ఇంటి ఖర్చులో కలపకండి.