పాత్రత - కరుణ

నమ్మి ఆశ్రయమిచ్చిన వానిని పరీక్షించుట తగునా? ప్రేమతో తలుపు తెరచినవాడు లెక్క చూడరాదని కొందఱందురు. లెక్క చూడనివాడు మోసపోవునని మఱికొందఱందురు. ఈ చిక్కు మనుష్యలోకమునకే పరిమితము కాదు. నేల క్రింద వేళ్లకును గలదు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని యున్నను మొక్క దానిని నేరుగా గ్రహింపజాలదు. నేలలో నత్రజని కొఱవడినపుడు బఠాణీ వేరు ఫ్లేవనాయిడ్లను పదార్థములను మట్టిలోనికి విడుచును. అది పిలుపు. తగిన రైజోబియం సూక్ష్మజీవి దానిని గుర్తించి వేఱొక పదార్థముతో బదులు పలుకును. ఆ బదులు సరిపోయిననే వేరు రోమము వంగి అతిథిని చుట్టి లోనికి దారి యిచ్చును. పిమ్మట వేరుపై బుడిపె యేర్పడును. అందు సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చి యిచ్చును. మొక్క తన ఆకులలో సిద్ధమైన ఆహారమును దానికి పంచును. పప్పుధాన్యము వేసిన చేను మరుసటి పైరునకు బలమిచ్చునని మన రైతులు అనుభవమువలన ఎఱుగుదురు. దాని కారణమును 1886లో హెల్‌రీగెల్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. 1888లో బైజెరింక్ ఆ సూక్ష్మజీవిని బుడిపెలనుండి వేఱుచేసెను.

తలుపు తెరచుటతో వేరు మెలకువ ముగియదు. 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో సోయాచిక్కుడు బుడిపెల చుట్టునున్న గాలినుండి నత్రజనిని తొలగించి, దాని స్థానమున ఆర్గాన్ వాయువును నింపిరి. లోపలి సూక్ష్మజీవులు నత్రజని నీయజాలకపోయినవి. అంతట మొక్క ఆ బుడిపెలకు ప్రాణవాయువును తగ్గించినట్లు కనబడెను. వాని సంతతి వృద్ధియు తగ్గెను.

ఇచట మన మొక క్షణము ఆగి యోచింపవలెను. ఆ సూక్ష్మజీవులు సోమరులు కావు. వాని పనికి కావలసిన వస్తువునే ఇతరులు తొలగించిరి. మొక్కకు ఫలము తెలియును గాని కారణము తెలియదు. దానిని నిందింపరాదు, అడుగుటకు దానికి నోరు లేదు.

మనకు నోరు కలదు. అయినను చదువులో వెనుకబడిన బాలుని, పనిలో మందగించిన సేవకుని, అప్పు తీర్పలేని పొరుగువానిని చూచినపుడు మనమును ఫలమునే లెక్కించి ఆదరమును కుదించుచున్నాము. పాత్రత నెఱిగి యిచ్చుట దోషము కాదు. కాని చేయి వెనుకకు తీసికొనుటకు పూర్వము, "ఇతనికి అందవలసినది అందుచున్నదా?" యని విచారించుట మనుష్యధర్మము. వేరు మనకు మెలకువను నేర్పగలదు. కరుణను మాత్రము మనమే నేర్చుకొనవలెను.