నింపాది ఎవరి సొత్తు?

మూడు రోజుల్లో ముప్పై చోట్లు చూసి వచ్చేవాడు నిజానికి ఏదీ చూడడనీ, ఒకే ఊళ్ళో మూడు నెలలు మకాం పెట్టి, అక్కడి సంతలో కూరలు బేరమాడి, అక్కడివాళ్ళు తినేది తిని, వాళ్ళు ఎక్కే బండి ఎక్కేవాడే ఆ ఊరిని తెలుసుకుంటాడనీ ఒక వాదం వున్నది. దీనికి నింపాది ప్రయాణమని పేరు. 1986లో రోము నగరంలో పెట్టబోయిన అమెరికా తిండికొట్టు మీద రేగిన నిరసనలోంచి ఇటలీలో నింపాది తిండి ఉద్యమం పుట్టింది. ఇది దానికి తమ్ముడి వరస. ఈనాడు హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రవాడు తన కంప్యూటరును సంచిలో వేసుకుని థాయ్‌లాండులోని చియాంగ్ మాయి నగరంలో రెండు నెలలు కాపురముండి రాగలడు. వచ్చి, "నేను టూరిస్టుగా వెళ్ళలేదు, అక్కడివాళ్ళలో ఒకడిగా బతికాను" అని చెప్పగలడు.

ఈ వాదాన్ని ఎగతాళి చేసి వదిలెయ్యటం న్యాయం కాదు. యాత్రను సరుకుగా కట్టి అమ్మే వ్యాపారానికి వేగమే లాభం. ఆ వేగాన్ని కాదన్నవాడు ఆ మేరకు మెరుగైన మనిషే. కాని అతను చెప్పే రెండో మాట సంగతి వేరు. ఒక ఊళ్ళో ఎక్కువ రోజులు వున్నంత మాత్రాన అక్కడివాళ్ళ బతుకు బతికినట్టవుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికి పల్నాడు మంచి చోటు. సాగరు చూడవచ్చినవాళ్ళు ఎత్తిపోతల దాకా వచ్చి, జలపాతం దగ్గర గంటసేపు గడిపి వెనక్కి మళ్ళుతారు. ఇంకాస్త ముందుకు వచ్చి మాచర్లలో ఆగేవాళ్ళు తక్కువ. పూర్వం ఈ సీమలో తిరిగి, దీన్ని గురించి మాటలు మిగిల్చిపోయిన యాత్రికుడు శ్రీనాథుడు. పల్నాటి వీరచరిత్ర కూడా ఆయనదేనని ప్రతీతి. రాజాస్థానాల్లో సన్నన్నం మరిగిన కవికి ఇక్కడ రాళ్ళూ, తేళ్ళూ, జొన్నకూడూ కనిపించాయి. వాటిని వెక్కిరిస్తూ ఆయన చెప్పినవిగా ప్రచారంలో వున్న చాటువులను తెలుగు పంతుళ్ళు ఇప్పటికీ చెప్పి పిల్లల్ని నవ్విస్తారు. మాచర్ల బడిలో కూడా నవ్విస్తారు, అది వేరే సంగతి.

శ్రీనాథుడు హడావిడిగా తిరిగి పోయినవాడని ఎవరూ అనలేరు. ఆ రోజుల్లో ప్రయాణమంటేనే నింపాది. ఊరూరా ఆగాడు, ఆ కూడే తిన్నాడు, ఆ నీళ్ళే తాగాడు. అయినా వీళ్ళు జొన్నలే ఎందుకు తింటున్నారన్న ప్రశ్న ఆ చాటువుల్లో లేదు. జొన్నకూడు పల్నాటివాడి అభిరుచి కాదు. వానను నమ్ముకున్న నేల అతని కంచంలో పెట్టిన తిండి. 1967లో సాగరు కాలవలకు నీళ్ళు వదిలిన తరువాత ఆయకట్టు ఊళ్ళలో వరి వచ్చింది, కంచంలో అన్నమూ వచ్చింది. కాలవ అందని మెట్ట ఊళ్ళవాళ్ళు వరికపూడిశెల ఎత్తిపోతల పథకాన్ని దశాబ్దాలుగా అడుగుతూనే వున్నారు. దానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. రుచి అని మనం అనుకునేదాని వెనక ఇంత నీటి రాజకీయం వున్నది.

ఆ శ్రీనాథుడే చివరి రోజుల్లో ఆదరించే రాజులు లేక, కృష్ణ ఒడ్డున భూమి గుత్తకు పట్టాడంటారు. పంటను వరద తీసుకుపోయింది, మిగిలిన గింజలను పిట్టలు తిన్నాయి, 700 టంకాలు బాకీ పడ్డాడు. శిస్తు కట్టలేనివాడికి పడే శిక్ష ఆయనకూ పడిందని చెబుతారు. అప్పటి చాటువులో వెక్కిరింత లేదు. మొదటిసారి ఆయన అతిథి. తిండి నచ్చకపోతే మరో ఊరికి వెళ్ళగలడు. రెండోసారి వెళ్ళలేడు. వాన రాకపోతే, వరద వస్తే, నష్టం తనది. ఈ రెండు చాటువుల మధ్య వున్న దూరాన్ని రోజుల లెక్కతో కొలవలేము.

పశువులు సాయంత్రం అడవిలోంచి ఇంటికి మళ్ళటం నింపాదిగా చూసేవాడికి అందమైన దృశ్యమే. కాని మాచర్ల చుట్టుపట్ల రైతుకు ఆ దృశ్యం మీద పుల్లరి పన్ను వుండేది. దాన్ని కట్టమన్నందుకు కన్నెగంటి హనుమంతు 1922లో తెల్లదొరల పోలీసు తుపాకులకు బలి అయినాడు. స్థానిక జీవనమంటే అడవి గాలితోపాటు ఆ పన్నూ, ఆ తుపాకీ కూడా.

ఇక ఆగ్నేయాసియా నగరాల మాట. వాటిలో నివసించిన తెలుగువాళ్ళు ఈనాటి కంప్యూటరు కుర్రవాళ్ళే మొదటివాళ్ళు కారు. పల్నాటి నుంచి కాదుగాని విశాఖ, గోదావరి జిల్లాల నుంచి పేదవాళ్ళు వేలకు వేలు రంగం వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరంలో సగానికి మించి భారతీయులే. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవాళ్ళు ఎక్కువగా మనవాళ్ళు. ఆ ఊరి బండి ఎక్కి తిరగటం కాదు, ఆ ఊరి రిక్షా వీళ్ళే లాగారు. ఒక్కొక్క గదిలో కిక్కిరిసి పడుకుని, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా అక్కడే వున్నారు. ఇంతకన్నా దీర్ఘమైన నివాసం ఏ యాత్రికుడు చేశాడు? 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వాళ్ళను గెంటేశారు. కడుపు మండిన రెండు పక్షాలూ యజమానిని వదిలి ఒకరినొకరు పొడుచుకున్నాయి. వందమందికి పైగా చచ్చిపోయారు. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక, లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి స్వదేశం దారిపట్టారు. దారిలో రాలిపోయినవాళ్ళు రాలిపోయారు. అంత నెమ్మదిగా సాగిన ప్రయాణాన్ని నింపాది ప్రయాణమని ఎవరూ పిలవలేదు.

చియాంగ్ మాయిలో ఈనాడు పరాయివాళ్ళు రెండు రకాలు. థాయ్ ప్రభుత్వం 2024లో ఐదేళ్ళ వీసా ఒకటి పెట్టింది. బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపించగలిగినవాడు ఒక్కొక్క విడతకు 180 రోజులు అక్కడ వుండి తన పని తాను చేసుకోవచ్చు. బర్మాలోని షాన్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు అదే నగరంలో ఇటుకలు మోసి ఇళ్ళు కడతారు. వాళ్ళ కాగితాలకు చట్టం వేరు, గడువు వేరు. మొదటివాడు నింపాదిగా టీ తాగుతూ కూర్చున్న ఇంటికి గోడ లేపింది రెండోవాడు అయివుండవచ్చు. నగరంలో కలిసిపోయానని చెప్పుకునే హక్కు ఎవరిది?

ప్రయాణాలు మానుకోమని నా ఉద్దేశం కాదు. వెళ్ళాలి, వుండాలి, ఆ తిండి తినాలి. కాని ఆ ఊళ్ళో కూలి ఎంత, నావంటివాళ్ళు వచ్చాక ఇంటి అద్దె ఎంత పెరిగింది, ఆ పెరిగిన అద్దె కట్టలేనివాళ్ళు ఎక్కడికి పోయారు, అని అడగనివాడు ఏడాది వున్నా జొన్నకూడు చాటువు దగ్గరే ఆగిపోతాడు. అడిగి, జవాబు విన్న తరువాత వాళ్ళ పక్షాన నిలబడితే అప్పుడు అతని నివాసానికి విలువ వుంటుంది.

ఈ ప్రశ్న అడగటానికి చియాంగ్ మాయి దాకా పోనక్కరలేదు. మిరప కోతల కాలంలో కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలు తాళం వేసుకుని గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవటమంటారు. చేను గట్టున పట్టా కప్పిన గుడిసెలో నెలల తరబడి వుంటారు, మన కొట్లోనే బియ్యం కొంటారు, మన బోరు నీళ్ళే తాగుతారు. బడి మానిన పిల్లలు మిరప కళ్ళాల దగ్గర చంటివాళ్ళను ఆడిస్తూ వుంటారు. కోతలు అయిపోగానే బండ్లెక్కి వెళ్ళిపోతారు. ఇన్ని నెలలు వున్నారు గదా, మాచర్ల చెన్నకేశవస్వామి గుడి చూశారా, ఎత్తిపోతల చూశారా అని వాళ్ళనడిగితే, ఏ రోజు కూలి వదులుకుని చూడమంటావయ్యా అని వాళ్ళు తిరిగి మనల్నే అడుగుతారు.