లోతు కొలిచిన ప్రేమ

ధ్యానభాగము: యోహాను 11:20–35

ఒక వేసవి దినమున, గాలము వేయుటలో ఆరితేరిన ఒక వృద్ధ విశ్వాసితోకూడ గోదావరి ఒడ్డున కూర్చుంటిని. అచ్చట నది వంపు తిరుగును. పైనీరు అంతటను సమముగానే కనబడును. అడుగున ఒకచోట ఇసుక మేట, ఆ ప్రక్కనే లోతైన మడుగు. మధ్యాహ్నము దాటినను నా బెండు మునుగలేదు.

"అయ్యగారూ, పొద్దుటినుంచీ బెండు ఒక్కచోటే కట్టి ఉంచారు. మేటమీద ఎర ఇసుకలో పడుతోంది. మడుగులో చేపకు అందడం లేదు. ముందు లోతు చూడండి" అని, దారమునకు సీసపు గుండు కట్టి, ఆయా చోట్ల లోతు కొలిచి, బెండును జరిపెను.

ఆ మాట నన్ను గ్రుచ్చెను. కొద్ది దినములకు ముందే, కుమారుని పోగొట్టుకొనిన ఒక తల్లి "దేవుడెక్కడ ఉన్నాడు?" అని అడుగగా, పునరుత్థానమునుగూర్చి చక్కని వివరణ యిచ్చి వచ్చితిని. ఆమె మరల నోరు తెరువలేదు. దానిని ఓదార్పు అనుకొంటిని.

బేతనియలో అక్కచెల్లెండ్రిద్దరును ప్రభువుతో పలికినది ఇంచుమించు ఒకే మాట. మార్తకు ఆయన పునరుత్థాన సత్యమును బోధించెను. మరియ యెదుట బోధింపలేదు, కన్నీరు విడిచెను. సత్యము మారలేదు, ఆ దినముననే లాజరు సమాధినుండి వెలుపలికి వచ్చెను. అయితే పైమాట ఒకటైనను లోతులు వేరని ఆయన యెరిగెను.

ఆ తల్లి యింటికి మరల వెళ్లితిని, ఈసారి వినుటకు. ప్రియ చదువరీ, నీవు నేడు ఎవరి యింటికి వెళ్లవలసియున్నది?

ప్రార్థన: ప్రభువా, పలుకుటకు ముందు వినుట మాకు నేర్పుము. ఆమేన్.