దైవం ఐదోది

చిగుళ్ళకు వైద్యం చేసే నాకు ప్రారబ్ధం అన్న మాట తరచూ వినిపిస్తుంది. షుగర్ వచ్చింది, ప్రారబ్ధం. చిగుళ్ళు కరిగి పళ్ళు కదులుతున్నాయి, అదీ ప్రారబ్ధమే. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. తండ్రికీ తాతకూ షుగర్ ఉన్న ఇంట పుట్టడం ఎవరి చేతిలోనూ లేదు. అయితే ప్రారబ్ధం ఎంతవరకు? మన చేతిలో ఉన్నది ఎంత?

బాపట్ల వైపు నుంచి షుగర్ ఉన్న ఒక పురోహితులు వచ్చారు. ముందు పళ్ళు కదులుతున్నాయి. తిండికి ఇబ్బందిగా ఉన్నా ఓర్చుకున్నారు గానీ, మంత్రంలో దంత్యాలు సరిగా పలకకపోవడం ఆయన్ని కుంగదీసింది. "తకారం జారిపోతోంది డాక్టరమ్మా. తప్పు పలికి సంభావన ఎలా పుచ్చుకోను? మా నాన్నగారికీ ఇంతే. ప్రారబ్ధం, అనుభవించాలి" అన్నారు. పంటికీ చిగురుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఆయనకు కొన్నిచోట్ల 6 దాటింది.

"గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పాడు కదా స్వామీ, అవేమిటి?" అని అడిగాను. తడుముకోకుండా చెప్పారు: అధిష్ఠానమైన శరీరం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. "మరి దైవం ఎన్నోది?" అన్నాను. "ఐదోది" అని, ఒక్క క్షణం ఆగి, "సరే, మిగిలిన నాలుగూ చెప్పండి" అన్నారు.

ముందు జబ్బు ఎలా నడుస్తుందో చెప్పాను. పాచి గట్టిపడి గార అవుతుంది. ఆ గార మీద, చిగురు కింద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటిని చంపడానికి తెల్లకణాలు వచ్చి ఫ్రీ రాడికల్స్ వదులుతాయి. ఇవి మనం పీల్చే ప్రాణవాయువు నుంచే తయారవుతాయి. శత్రువుతో పాటు మన చిగురునూ ఎముకనూ కూడా దెబ్బతీస్తాయి. వాటిని అణచడానికి ఒంట్లో గ్లూటాథయోన్, విటమిన్ సి వంటి యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి. షుగర్ ఎక్కువైన కణం ఆ చక్కెరను వేరే దారిలో మార్చుకుంటూ, గ్లూటాథయోన్‌ను తిరిగి సిద్ధం చేయడానికి కావలసిన సరుకునే ఖర్చు పెట్టేస్తుంది. అంటే దాడి పెరిగిన చోటే కాపు తగ్గుతుంది. చిగుళ్ళ వాపు వల్ల పుట్టే పదార్థాలు రక్తంలో చేరి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. అలా షుగర్ చిగుళ్ళనూ, చిగుళ్ళు షుగర్‌నూ పాడుచేస్తాయి. 1993లోనే హెరాల్డ్ లో అనే దంతవైద్య పరిశోధకుడు చిగుళ్ళ జబ్బును మధుమేహపు ఆరో ఉపద్రవంగా లెక్కించాడు.

చికిత్సలో మేం యాంటీఆక్సిడెంట్లు ఇవ్వం. చిగురు కిందికి వెళ్ళి గార గీకి, వేరును నున్నగా చేస్తాం. యుద్ధానికి కారణం తీసేస్తే ఒంట్లోని కాపు తనంతట తాను కోలుకునే వీలుంటుంది. షుగర్ ఉన్నవారిలో ఈ చికిత్స తర్వాత యాంటీఆక్సిడెంట్ల స్థాయి కొన్ని అధ్యయనాల్లో పెరిగింది, కొన్నిటిలో పెద్ద తేడా రాలేదు. మూడు నెలల సగటు షుగర్ విషయంలో సాక్ష్యం ఇంకా గట్టిది: అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలో, 2022 నాటి దానిలో, మూడు నాలుగు నెలలకు ఆ సగటును చూపే హెచ్‌బిఎ1సి సుమారు 0.4 శాతం తగ్గింది. షుగర్ మందు మానేంత లాభం కాదు, వదులుకునేంత చిన్నదీ కాదు.

ఇంకో పొరపాటు వాదం కూడా ఉంది. ఇంట్లోవాళ్ళు, ఒక్కోసారి వైద్యులు కూడా, "నోరు కట్టుకోలేదు, అనుభవించు" అని రోగిని నిలదీస్తారు. తానొక్కడే కర్త అనుకునేవాడికి ఉన్నది కనపడదని గీతలోని ఆ అధ్యాయమే ఐదు కారణాలు చెప్పిన వెంటనే హెచ్చరిస్తుంది. వంశం నుంచి వచ్చినదానికి మనిషిని దోషిగా నిలబెట్టడం అధర్మం. అంతా దైవం మీద వేయడమూ, అంతా మనిషి మీద వేయడమూ రెండూ సగం చూపులే.

మన పని ముందు, దైవం చివర అనే వరసే పతంజలి నియమాల్లోనూ కనిపిస్తుంది. మొదటిది శౌచం, ఐదోది ఈశ్వరప్రణిధానం. ఒళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం సాధనలో భాగమని మన పెద్దలు గట్టిగా నమ్మారు. చిగురు నుంచి రోజూ రక్తం కారుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం వైరాగ్యం అనిపించుకోదు.

పురోహితులు చికిత్సకు ఒప్పుకున్నారు. ఒక పన్ను నిలవలేదు. మిగిలినవి గట్టిపడ్డాయి, షుగర్ కొంత దిగింది, ఇప్పుడు సంధ్యావందనానికి ముందు పళ్ళ సందులు కూడా శుభ్రం చేసుకుంటున్నారు.

షుగర్ ఉన్న పెద్దలకు నా మనవి ఇదే. రక్తపరీక్షకు వెళ్ళినంత శ్రద్ధగా ఏడాదికొకసారైనా చిగుళ్ళు చూపించుకోండి. తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తే ఇంకా ముందే వెళ్ళండి. గార తీస్తే పళ్ళు వదులవుతాయన్న భయం వద్దు. వదులు చేసేది లోపలి జబ్బే. షుగర్ మందులు మాత్రం మీ వైద్యులు చెప్పకుండా మానకండి.